గల్లాపెట్టె పక్కనుంచి చూసిన ఆస్ట్రేలియా పబ్బులు

సూట్‌కేసులు ఇంకా సగమే ఖాళీ అయ్యాయి. ఊళ్ళ పేర్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోకముందే రాసి పెట్టేద్దామని కూర్చున్నాను. విమానాలు, వీసాలు, బుకింగుల గోల ఇందులో ఉండదు.

"పబ్బులేంటి, నువ్వేంటి వదినా" అని మా ఆడపడుచు ఇప్పటికే ఫోన్ చేసి అడిగింది. నేను తాగను. మా వారు "కొంచెం రుచి చూస్తానంతే" అనే రకం. కానీ మా మామగారు తెనాలిలో స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్ నడిపారు. పెళ్ళయిన కొత్తలో నేను వంటింట్లో కన్నా గల్లా దగ్గరే ఎక్కువ కూర్చున్నాను. ఎవరికి అరువు పెట్టొచ్చు, ఎవడు నెలాఖరుకి మొహం చాటేస్తాడు, కొట్టుకోబోతున్న ఇద్దర్ని ప్లేట్లు పగలకుండా బయటికి ఎలా సాగనంపాలి, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాను. అందుకే మా అబ్బాయి "అమ్మా, బీచ్‌లు చూస్తావా, పాత పబ్బులు చూస్తావా" అంటే రెండోదే కావాలన్నాను. ఆస్ట్రేలియా పబ్బుల కథల్లో బందిపోట్లకీ, బంగారం తవ్వుకునేవాళ్ళకీ, సిపాయిలకీ పెద్దపీట. కౌంటర్ వెనక నిలబడి లైసెన్సు కట్టుకున్న వాళ్ళ సంగతి ఎవరూ తిన్నగా చెప్పరు. నాకు కావలసింది వాళ్ళే.

ఏప్రిల్ 19, మెల్బోర్న్

ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ మెట్లు దిగి రోడ్డు దాటితే యంగ్ అండ్ జాక్సన్. 1861లో ప్రిన్సెస్ బ్రిడ్జ్ హోటల్ అనే పేరుతో తెరిచారు. 1875లో హెన్రీ యంగ్, థామస్ జాక్సన్ అనే ఇద్దరు తీసుకున్నారు, ఊరు వాళ్ళ పేర్లతోనే పిలవడం మొదలుపెట్టింది. వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి!

మేడ మీద క్లోయి ఉంటుంది. నిలువెత్తు బట్టల్లేని అమ్మాయి బొమ్మ. ఫ్రెంచి చిత్రకారుడు జూల్ లెఫెవ్ర్ 1875లో వేశాడు. 1880 మెల్బోర్న్ ప్రదర్శనకి వచ్చింది, థామస్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే డాక్టరు 850 గినీలకి కొన్నాడు. ఆయన దాన్ని 1883లో అక్కడి నేషనల్ గ్యాలరీకి అరువిస్తే, ఆదివారం పూట జనం చూసే చోట ఇదేం పని అని పెద్ద రభస జరిగింది, మూడు వారాల్లో దింపేశారు. డాక్టరు పోయాక 1909లో హెన్రీ యంగ్ 800 పౌండ్లు పోసి తెచ్చి పబ్బులో తగిలించాడు. చిత్రకళ మీద ప్రేమ ఉండే ఉంటుంది, కాదనను. కానీ గ్యాలరీ వద్దన్న బొమ్మని, స్టేషన్‌కి ఎదురుగా, రోజూ వేలమంది దిగే చోట పెట్టాడంటే ఆయన గల్లా తెలివి గల్లా తెలివే. మొదటి ప్రపంచ యుద్ధానికి ఓడ ఎక్కబోయే కుర్రాళ్ళు క్లోయి ముందు నిలబడి ఒక గ్లాసు తాగి వెళ్ళడం ఆనవాయితీ అయింది. వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చి ఇంకో గ్లాసు తాగారో. ఆ బొమ్మ ముందు మా అబ్బాయి తన ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు, మా వారు పైకప్పు నగిషీలు పరీక్షించారు. ఒక్కదాన్నే తీరిగ్గా చూశాను. అమ్మాయి మొహంలో ఏదో దిగులు ఉంది.

కింద బార్లో చికెన్ పార్మా తెప్పించుకున్నాం. పళ్ళెం నిండా పరుచుకున్న కోడి రొమ్ము ముక్క, బ్రెడ్ పొడి అద్ది వేయించి, పైన టమాటా గుజ్జు, దాని మీద పంది మాంసం పల్చటి పొర, దాని మీద కరిగిన చీజు, పక్కన గుట్టగా బంగాళాదుంప చిప్స్. 28 డాలర్లు, మన లెక్కలో 1,500 రూపాయల పైమాట. ఇద్దరం తిన్నా మిగిలింది. కారం అడిగితే తియ్యటి మిరపకాయ సాసు ఇచ్చారు. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. మనమే కౌంటర్‌కి వెళ్ళి చెప్పి, ముందే డబ్బు కట్టి, నంబరు వేసిన కర్ర తెచ్చి బల్ల మీద పెట్టుకోవాలి. తిన్నాక ఎగ్గొట్టి పోయే బాధే లేదు. మా మామగారికి ఈ పద్ధతి తెలిస్తే ఎన్ని బాకీలు తప్పేవో.

పాత పబ్బుల గోడలకి నడుము ఎత్తు దాకా పింగాణీ పలకలు కనిపిస్తాయి. అందం కోసం అనుకున్నాను. ఆరు గంటల కథ విన్నాక తెలిసింది, గొట్టంతో నీళ్ళు కొట్టి కడగడానికి కూడా అవే వీలని. 1916లో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, సౌత్ ఆస్ట్రేలియా, టాస్మానియా రాష్ట్రాలు పబ్బులు సాయంత్రం ఆరుకే మూసేయాలన్నాయి. అటు మద్యవ్యతిరేక మహిళా సంఘాల ఒత్తిడి, ఇటు యుద్ధకాలపు పొదుపు. మగవాళ్ళు తొందరగా ఇంటికి వస్తారని ఆశ. జరిగింది ఏమిటంటే, అయిదింటికి ఆఫీసులు, ఫ్యాక్టరీలు వదిలితే ఆరింటి దాకా గంటసేపు జనం ఒకరి మీద ఒకరు పడి, ఎన్ని గ్లాసులు పడితే అన్ని గొంతులో పోసుకునేవాళ్ళు. కౌంటర్ వెనకవాళ్ళు ట్యూబు చివర ట్యాపు బిగించుకుని, గ్లాసు కదపకుండానే వరసగా నింపుకుంటూ పోయేవాళ్ళు. కుర్చీలు, బిలియర్డ్స్ బల్లలు తీసేసి నిలబడే చోటు పెంచారు. టాస్మానియా 1937లో, న్యూ సౌత్ వేల్స్ 1955లో, విక్టోరియా 1966లో, సౌత్ ఆస్ట్రేలియా 1967లో ఈ నియమం ఎత్తేశాయి.

దూబగుంట ఆడవాళ్ళ పోరాటం, 1995 మద్యనిషేధం చూసినదాన్ని, ఆ సంఘాల ఆడవాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగేదో వాళ్ళకే తెలుసు. కానీ చట్టం రాసినవాళ్ళు గడియారాన్ని నమ్ముకున్నారు, జీతం చేతిలో పడిన మగవాణ్ణి ఒకసారి చూసి ఉండాల్సింది.

ఇంకో వింత. ఆడవాళ్ళు పబ్బుకి యజమానులుగా ఉండొచ్చు, వితంతువులకి లైసెన్సు దొరకడం మామూలే. అదే ఆడవాళ్ళు తాగడానికి వస్తే మటుకు మెయిన్ బార్లోకి రానిచ్చేవాళ్ళు కాదు, పక్క ద్వారంలోంచి ‘లేడీస్ లౌంజ్’కి పోవాలి. 1965 మార్చి 31న బ్రిస్బేన్‌లో మెర్ల్ థోర్న్‌టన్, రోజలీ బోగ్నర్ అనే ఇద్దరు రెగట్టా హోటల్ బార్లో కాలి కడ్డీకి గొలుసుతో కట్టేసుకుని కూర్చుంటే గాని ఈ సంగతి దేశమంతా మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 20, బల్లారట్

చలిగాలి చెవులు కోసేస్తోంది. మెల్బోర్న్ నుంచి గంటన్నర దారి. లిడియార్డ్ స్ట్రీట్‌లో క్రెయిగ్స్ హోటల్‌లో టీ, స్కోన్‌లు. స్కోన్ అంటే పొడిపొడిగా ఉండే బన్ను లాంటిది, జామ్, మీగడ వేసుకుని తింటారు. థామస్ బాత్ అనే ఆయన 1853లో ఇక్కడ మొదలుపెట్టాడు, బంగారు గనుల్లో లైసెన్సున్న మొదటి హోటల్ ఇదే. 1895లో మార్క్ ట్వేన్ దిగింది ఇక్కడే. అద్దాలు, చెక్క మెట్లు, అన్నీ మెరిసిపోతున్నాయి.

నేను వచ్చింది మాత్రం ఇప్పుడు లేని హోటల్ కోసం. జేమ్స్ బెంట్లీ టాస్మానియా నుంచి వచ్చిన మాజీ ఖైదీ. భార్య కేథరిన్‌తో కలిసి బల్లారట్‌లో యురేకా హోటల్ కట్టాడు. గుడారాల్లో బతికే ఊళ్ళో అంత పెద్ద కట్టడం అంటే అందరి కళ్ళూ దాని మీదే. 1854 అక్టోబర్ 7 తెల్లవారుజామున జేమ్స్ స్కోబీ అనే స్కాట్లండ్ గని కార్మికుడు, స్నేహితుడితో కలిసి తాగొచ్చి, మూసేసిన తలుపు తట్టాడు. తీయలేదు. మాటా మాటా పెరిగింది. కాసేపటికి స్కోబీ దెబ్బలు తిని చచ్చిపడి ఉన్నాడు. బెంట్లీ మీద కేసు పెట్టారు, మేజిస్ట్రేట్ డ్యూస్ వదిలేశాడు. ఆయనకీ బెంట్లీకీ లావాదేవీలున్నాయని ఊరంతా అనుకునేది. 17న వేలమంది పోగయ్యారు, హోటల్ తగలబెట్టారు. బెంట్లీ గుర్రమెక్కి పోలీసు శిబిరానికి పారిపోయాడు.

అప్పటికే నెలకి 30 షిల్లింగుల తవ్వకం లైసెన్సు మీద మండిపోతున్న కార్మికులకి ఇది అంటుకున్న నిప్పు. డిసెంబర్ 3న, కార్మికులు అడ్డుగా కట్టుకున్న యురేకా కంచె దగ్గర సైన్యం కాల్పులు, ఇరవై మందికి పైగా కార్మికులు పోయారు. ఆస్ట్రేలియా ప్రజాస్వామ్యం పుట్టిన చోటు అంటారు. ఆనాటి జెండాని ఇక్కడ చీకటి గదిలో పెట్టి చూపిస్తారు: ముదురు నీలం గుడ్డ మీద తెల్ల శిలువ, అయిదు నక్షత్రాలు. అంచులు, మధ్యలో ముక్కలు లేవు. జ్ఞాపకం కోసమని ఏళ్ళ తరబడి కత్తిరించి పంచుకున్నారట. దగ్గరికెళ్ళి చూస్తే నేత దారాలు విడివిడిగా కనిపిస్తాయి.

కేథరిన్ సంగతేంటని అక్కడ పనిచేసే పెద్దావిడని అడిగాను. ఆవిడ మొహం వెలిగింది, ఎవరూ ఈ ప్రశ్న అడగరట. రెండోసారి విచారణలో బెంట్లీకి నరహత్య కింద మూడేళ్ళ కఠిన శిక్ష పడింది. కేథరిన్ నిర్దోషి అన్నారు. అప్పుడామె కడుపుతో ఉంది. ఇల్లు, హోటల్, సరుకు అన్నీ బూడిద. బెంట్లీ 1873లో ఆత్మహత్య చేసుకున్నాడు. బెంట్లీ మంచివాడని నేననను, స్కోబీ చావు ఎవరూ మాఫీ చేయలేరు. కానీ హోటల్ తగలబడిన రోజు లోపల ఉన్న సిబ్బంది, వంటవాళ్ళు, ఆమె, వీళ్ళకి ఏ జెండాలోనూ చోటు లేదు.

ఏప్రిల్ 22, గ్లెన్రోవన్

హైవే పక్కన చిన్న ఊరు. అడుగు పెట్టగానే ఆరు మీటర్ల నెడ్ కెల్లీ బొమ్మ, చేతిలో తుపాకీ, తలకి డబ్బాలాంటి ఇనప టోపీ. దుకాణాల నిండా కెల్లీ టీ షర్టులు, కెల్లీ కప్పులు, కెల్లీ టవళ్ళు. బందిపోటు మీద ఊరు మొత్తం బతుకుతోంది.

కథ జరిగింది ఆన్ జోన్స్ సత్రంలో. 1880 జూన్‌లో కెల్లీ ముఠా పోలీసుల రైలు పడగొట్టాలని పట్టాలు పీకించి, ఊళ్ళో దొరికిన అరవై మంది దాకా ఆమె సత్రంలో బంధించింది. రైలు ఆలస్యం. కాలక్షేపానికి తాగుడు, పాటలు, డాన్సులు. ఆన్ జోన్స్ కూడా వాళ్ళకి మర్యాదలు చేసిందని తర్వాత ఆమె మీద నేరం మోపారు. నాకు ఇక్కడే ఒళ్ళు మండింది. తుపాకులతో నలుగురు మీ ఇంట్లో కూర్చుని ఉంటే, పిల్లలు పక్క గదిలో ఉంటే, మర్యాద చేయక ఏం చేస్తారు? మా హోటల్‌కి తాగొచ్చి కత్తి తీసినవాడికి నేను కాఫీ ఇచ్చి, "బాబూ, పంచదార చాలా" అని అడిగినదాన్ని. వాడి మీద ప్రేమతో కాదు.

థామస్ కర్నో అనే బడి పంతులు నెడ్‌ని నమ్మించి బయటపడి, కొవ్వొత్తికి ఎర్రగుడ్డ అడ్డంపెట్టి రైలు ఆపాడు. 28 తెల్లారేలోపే కాల్పులు. చెక్క గోడల ఇల్లు, బుల్లెట్లు అటు దూరి ఇటు వచ్చేవి. ఆన్ కొడుకు జానీకి, పదమూడేళ్ళవాడికి, పోలీసుల తూటా తగిలింది, ఆసుపత్రిలో చనిపోయాడు. కూతురు జేన్‌కీ గాయమైంది. మధ్యాహ్నం పోలీసులే సత్రానికి నిప్పు పెట్టారు. నెడ్‌ని ప్రాణాలతో పట్టుకున్నారు, నవంబర్ 11న మెల్బోర్న్‌లో ఉరితీశారు. ఆయన 40 కిలోలకు పైగా బరువున్న ఇనప కవచం స్టేట్ లైబ్రరీలో అద్దాల పెట్టెలో ఉంది.

ఆన్ జోన్స్ కోర్టులో నిర్దోషిగా బయటపడి, పరిహారం కోసం ఏళ్ళు తిరిగి, 265 పౌండ్లు తెచ్చుకుంది.

సత్రం ఉన్న చోట ఇప్పుడు గడ్డి, కొన్ని బోర్డులు. 2008లో తవ్వి చూస్తే తూటాలు, కాలిన సామాన్లు దొరికాయి. మా వారు బోర్డు మొత్తం చదివి, "పిల్లవాడి పేరు ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాయాల్సిందే" అన్నారు. బేకరీలో మాంసం కూరి కాల్చిన ‘పై’ తిన్నాం, ఒకటి 8 డాలర్లు. లోపల గ్రేవీ నోరు కాలేంత వేడిగా ఉంటుంది, పక్కల నుంచి కొరుకుతూ తినాలని ఒక లారీ డ్రైవర్ నేర్పాడు.

రాత్రికి బీచ్‌వర్త్ చేరి ఒక పాత పబ్బు మేడ మీద గదిలో దిగాం. 110 డాలర్లు. స్నానాలగది వరండా చివర, అందరికీ ఒకటే. పాత చట్టం ప్రకారం లైసెన్సు కావాలంటే పడుకోవడానికి గదులు ఉండాలి, రాత్రంతా తలుపు మీద దీపం వెలగాలి. అంటే బాటసారికి తలదాచుకునే చోటు చూపించాకే మందు అమ్ముకునే హక్కు. ఈ లెక్క నాకు నచ్చింది. ఈ ఊళ్ళో ఇంపీరియల్ హోటల్ వెనకే 1874లో నెడ్ కెల్లీ, ‘వైల్డ్’ రైట్ ఇద్దరూ ఇరవై రౌండ్లు గుద్దుకున్నారు, నెడ్ గెలిచాడు. 1855 ఎన్నికల్లో గెలిచిన డేనియల్ కామెరాన్‌ని బంగారు నాడాలు కొట్టిన గుర్రం మీద ఊరేగించింది కూడా ఇక్కడే. కింద బార్లో పన్నెండు దాకా నవ్వులు, ఆ తర్వాత మా వారి గురక.

ఏప్రిల్ 23, కనౌండ్రా దారి

పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గాని చేరలేదు. ఫోన్లో మ్యాప్ ‘దగ్గర దారి’ అని చూపించింది, మా అబ్బాయి నమ్మాడు. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి ఎర్రమట్టి వచ్చింది. గోధుమ కోసేసిన పొలాలు, కనుచూపు మేర ఇల్లు లేదు. గేటు దగ్గర కుక్కతో నిలబడ్డ రైతు ఒకాయన, మేం అడగకముందే "కనౌండ్రానా? వెనక్కి తిప్పుకోండి" అన్నాడు. రోజుకి ఎంతమందికి చెబుతాడో. చీకటి పడబోతుంటే కంగారూలు రోడ్డుకి రెండు పక్కలా వచ్చి కూర్చున్నాయి. మా అబ్బాయి 40కి మించి నడపలేదు.

దారిలో ఒక పబ్బు దగ్గర ఆగి నిమ్మరసం తాగాం. ఇలాంటి మారుమూల పబ్బుల్లో ఒకప్పుడు జరిగిన వ్యవహారం వేరు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు, గొర్రెలు కాసేవాడు నెలల తరబడి ఒంటరిగా పనిచేసి, జీతం చెక్కు తీసుకుని బయటికొస్తాడు. దగ్గర్లో బ్యాంకు లేదు. పబ్బువాడి చేతిలో చెక్కు పెట్టి "ఇది అయిపోయాక చెప్పు" అనేవాడు. ఎప్పుడు అయిపోయిందో లెక్క రాసేది పబ్బువాడే. నాలుగు రోజుల తర్వాత లేపి, చేతిలో ఒక సీసా పెట్టి సాగనంపేవాళ్ళు. తొందరగా మత్తెక్కడానికి మందులో పొగాకు నీళ్ళు కలిపేవాళ్ళని కూడా చెప్పుకుంటారు. ఇప్పటిదాకా కౌంటర్ వెనకవాళ్ళ పక్షాన మాట్లాడుకొస్తున్నాను కదా, ఇది మటుకు నాకు మింగుడు పడలేదు. అరువు చిట్టా తప్పుడుగా రాసినవాడికి పుట్టగతులుండవని మా అత్తగారు అనేది.

కనౌండ్రాలో మాత్రం లెక్క తిరగబడింది. 1863 అక్టోబర్‌లో బెన్ హాల్, గిల్బర్ట్, ఒమీలీ అనే బందిపోట్లు, మరో ఇద్దరు కలిసి రాబిన్సన్ హోటల్‌ని పట్టుకుని, మూడు రోజులు ఊరినంతా అందులో కూర్చోబెట్టారు. దారిన పోయే బళ్ళు ఆపి, మనుషుల్ని లోపలికి పంపి, తిండి, మందు, చుట్టలు, పియానో, డాన్సు. ఊరి పోలీసుని కూడా బందీ చేశారు. పోలీసులు తమనేం చేయలేరని చూపించడమే వాళ్ళ ఉద్దేశం. వెళ్ళేటప్పుడు రాబిన్సన్‌కి బిల్లు మొత్తం కట్టి వెళ్ళారు! ఆ స్థలంలో ఇప్పుడు రాయల్ హోటల్ ఉంది. వంపు తిరిగిన వీధి, ఇనప నగిషీల వరండాలు, వీధి చివర ఆగి ఉన్న ఒకే ఒక్క ట్రాక్టర్. రాబిన్సన్ ఆ మూడు రోజులూ బిల్లు రాసుకుంటూనే ఉన్నాడా, లేక రాయమని వాళ్ళే అన్నారా? నేనైతే కళ్ళకి కనపడకుండా బల్ల కింద రాసుకునేదాన్ని.

ఇక్కడే మా వారికి ‘షౌట్’ పద్ధతి అనుభవమైంది. పక్కన కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు మాటల్లో పడి ఆయనకి ఒక బీరు కొనిపెట్టారు. అంటే తర్వాతి వంతు ఈయనది, ముగ్గురికీ. మధ్యలో లేచి పోతే మహా అమర్యాద. గ్లాసు ఇక్కడ 425 మిల్లీలీటర్లు. "కొంచెం రుచి" కాస్తా లీటరుంపావు దాటింది. మర్నాడు కారు దిగే ప్రతిసారీ తలుపు పట్టుకున్నారు.

ఏప్రిల్ 24, బెరిమా

ఇసుకరాతి ఊరు, సర్వేయర్ జనరల్ ఇన్, 1834లో జేమ్స్ హార్పర్ కట్టించాడు. ఆగకుండా నడుస్తున్న పబ్బుల్లో దేశంలోకెల్లా పాతది మాదే అంటారు. సిడ్నీలో ఫార్చ్యూన్ ఆఫ్ వార్ 1828 అంటుంది. లార్డ్ నెల్సన్ తన లైసెన్సు 1841 నుంచి చేతులు మారినా చెక్కుచెదరలేదంటుంది. విండ్సర్‌లో మక్వారీ ఆర్మ్స్ 1815 అని బోర్డు పెడుతుంది. హోబర్ట్‌లో ఇంకోటి 1807 అంటుందట. తాపేశ్వరంలో ప్రతి కాజా కొట్టూ ‘అసలైనది, పాతది’ అని రాసుకున్నట్టే. రైలు మార్గం ఈ ఊరిని తప్పించి పోవడంతో వ్యాపారం పడిపోయి, పాత ఇళ్ళు పడగొట్టే డబ్బు ఎవరికీ లేక, అంతా అలాగే మిగిలింది.

ఏప్రిల్ 25, సిడ్నీ

ఈ రోజు ఆంజాక్ డే, 1915లో టర్కీలోని గల్లిపోలిలో దిగిన సైనికుల స్మరణ. తెల్లవారుజామున ప్రార్థన, మధ్యాహ్నం పబ్బు. ది రాక్స్ అనే పాత పేట వీధులు తిరునాళ్ళలా ఉన్నాయి. ఛాతీకి తాతల పతకాలు పెట్టుకున్న కుర్రాళ్ళు, యూనిఫాంలో వాళ్ళు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు.

టూ అప్ అనే నాణేల పందెం ఆడటం చూశాం. మామూలు రోజుల్లో జూదం కింద నేరం, న్యూ సౌత్ వేల్స్‌లో ఈ రోజు చట్టసమ్మతం. గుంపు గుండ్రంగా నిలబడుతుంది. మధ్యలో ఒకడు చిన్న చెక్క పలక మీద రెండు పాత పెన్నీలు పెట్టి పైకి ఎగరేస్తాడు. రెండూ బొమ్మ పడతాయా, రెండూ బొరుసా? నోటు నెత్తిమీద పెట్టుకున్నవాడు బొమ్మ అన్నట్టు, వాడికి ఎదురు పందెం కాసేవాడు గుంపులోంచి తనే వస్తాడు. ఒక అమ్మాయి యాభై డాలర్ల నోటు తలకి అంటించుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతోంది. గెలిచింది. ఓడిన ఆయన నోటు ఇచ్చి, ఆమె భుజం తట్టి, మళ్ళీ ఇంకో నోటు తీశాడు. పందెం ఆటగాళ్ళ మధ్యే, పబ్బువాడు పైసా కమిషన్ తీసుకోకూడదు. వాడికి మిగిలేది బీరు అమ్మకమే, అదీ 12 డాలర్లు గ్లాసు. వాడికి నష్టం వస్తుందని నాకనిపించలేదు.

హీరో ఆఫ్ వాటర్లూ, జార్జ్ పేటన్ అనే రాతిపనివాడు 1843లో కట్టాడు. బండరాళ్ళ మీద ఉలి గాట్లు వేలితో తడిమితే తెలుస్తాయి. నేలమాళిగలోంచి ఓడరేవుకి సొరంగం ఉందనీ, తాగి పడిపోయిన కుర్రాళ్ళని అందులోంచి ఓడల్లోకి తోసేవాళ్ళనీ చెబుతారు. కథ బాగా అమ్ముడుపోతుంది.

సొరంగం కన్నా శామ్యూల్ టెర్రీ కథే నాకు రుచించింది. ఫార్చ్యూన్ ఆఫ్ వార్ మొదలుపెట్టింది ఆయనే. మాంచెస్టర్‌లో కూలీ, 400 జతల మేజోళ్ళు దొంగిలించినందుకు ఏడేళ్ళ ద్వీపాంతరం. శిక్ష అయ్యాక చిన్న వ్యాపారం. 1810లో రొజెట్టా అనే ఆమెని పెళ్ళాడాడు, ఆమెకి అప్పటికే పిట్ స్ట్రీట్‌లో సత్రం ఉంది. చరిత్ర టెర్రీని కుబేరుడంటుంది, పెట్టుబడి ఎవరిదో నాకర్థమైంది. అక్కడి నుంచి అప్పులు, తాకట్లు. ఒక దశలో కాలనీలో నమోదైన తాకట్ల విలువలో అయిదో వంతు ఆయన దగ్గరే ఉండేది. రైతులకి తాగించి పొలాలు రాయించుకునేవాడన్న చెడ్డపేరు చచ్చేదాకా వదల్లేదు. 1838లో పోయేనాటికి ఆస్తి రెండున్నర లక్షల పౌండ్లు, భూముల అద్దెలు వేరే.

ఆయన్నొక్కణ్ణే అనడం దేనికి! ఈ ఊళ్ళో మందే డబ్బుగా నడిచిన రోజులున్నాయి. 1808లో సైన్యం గవర్నర్ బ్లైని గద్దె దింపిన తిరుగుబాటుని రమ్ పేరుతోనే పిలుస్తారు. తర్వాత వచ్చిన మక్వారీ దగ్గర ఆసుపత్రి కట్టడానికి డబ్బు లేదు. ముగ్గురు వ్యాపారులకి 45,000 గ్యాలన్ల రమ్ దిగుమతి చేసుకునే హక్కు ఇచ్చి, బదులుగా ఆసుపత్రి కట్టించుకున్నాడు. దాని రెండు పక్క భవనాలు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో రాష్ట్ర శాసనసభ కూర్చుంటుంది.

ఏప్రిల్ 26, విండ్సర్

అదే మక్వారీ, రిచర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే మరో మాజీ ఖైదీకి ఇక్కడ స్థలమిచ్చి, రెండంతస్తుల మంచి సత్రం కడితేనే అని షరతు పెట్టాడు. 1815లో మక్వారీ ఆర్మ్స్ అలా లేచింది. మధ్యలో కొన్నాళ్ళు పబ్బుగా లేదు, బెరిమావాళ్ళు ‘ఆగకుండా’ అనే మాటని ఒత్తి పలికేది అందుకే. కింద హాక్స్‌బరీ నది బుద్ధిగా పారుతోంది. 1867 వరదలో పంతొమ్మిది మీటర్లు దాటి లేచింది ఈ నదే.

మధ్యాహ్నం భోజనానికి ఊరి చివర పేరుపడని ఇంకో పబ్బుకి వెళ్ళాం. బార్లో ఆరుగురు ఉన్నారు. వెనక అద్దాల తలుపు దాటితే మసక వెలుతురు, టింగు టింగు మోతలు. పోకర్ మెషీన్లు, అంటే డబ్బు వేసి బటన్ నొక్కే జూదం యంత్రాలు. న్యూ సౌత్ వేల్స్ 1997లో పబ్బులకి వీటిని అనుమతించింది. జనం అక్కడున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడట్లేదు, ఒకే చేత్తో ఒకే బటన్. ఎనభై దాటిన ఒకావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, తెర మీంచి కళ్ళు తిప్పకుండా సాండ్‌విచ్ తింటోంది. చెక్కు పబ్బువాడి చేతిలో పెట్టే గొర్రెల కాపరి కనీసం మత్తులో ఉండేవాడు.

పబ్బు నడిపేది యాభై ఏళ్ళావిడ. నా హోటల్ సంగతి చెప్పగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. వంటవాళ్ళు నిలవరు, శనాదివారాలు కూలి ఎక్కువ, బీరు మీద ఎక్సైజు ఏడాదికి రెండుసార్లు ధరల సూచీతో పాటు పెరుగుతూ వచ్చింది. మెషీన్లు తీసేస్తే ఆర్నెల్లు నడపలేనంది. తీసేయాలని ఉందా అన్నాను. జవాబు చెప్పకుండా బల్ల తుడిచింది. ఇంతలో కెగ్గుల లారీ, అదే బీరు పీపాల లారీ, వచ్చింది. బయట పేవ్‌మెంట్‌లోని చెక్క తలుపు ఎత్తి, కింద నేలమాళిగలోకి ఒక్కోటీ దొర్లించారు. చీటీలో పన్నెండు, దిగినవి పదకొండు. డ్రైవర్ పన్నెండే అన్నాడు. ఆవిడ చెప్పులు విప్పి నిచ్చెన దిగి, ఒక్కొక్కటీ పైకి వినపడేలా లెక్కపెట్టి వచ్చింది. డ్రైవర్ గొణుక్కుంటూ చీటీ దిద్దాడు. మా వారు కారులోంచి రెండుసార్లు హారన్ కొట్టారు గాని, అతను సంతకం పెట్టేదాకా నేను కదల్లేదు.